బట్టలారేస్తుంటే కోయిల కూసింది

ప్రశ్న: నా వయసు 52. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు. పెళ్లికి ముందు బొమ్మలు బాగా వేసేదాన్ని. పదేళ్లుగా పెన్సిల్ ముట్టలేదు. ఇప్పుడు తీరిక ఉన్నా, కాగితం ముందు కూర్చుంటే టెన్షన్ వస్తోంది. మావారు ‘ఈ వయసులో ఎందుకవన్నీ’ అంటారు. మొన్న మేడ మీద బట్టలారేస్తుంటే కోయిల కూసింది. ఎందుకో ఏడుపొచ్చింది. నాకేమైనా అయిందా?
– ఓ సోదరి

జవాబు: ఉత్తరమంతా చదివాక నా మనసులో నిలిచింది ఆ కోయిల సంగతే. శివరాత్రి కూడా వెళ్లని ఈ రోజుల్లో అదింకా ఏప్రిల్లో కూసినంత జోరుగా కూయదు. ఒకటి రెండుసార్లు అందుకుని ఊరుకుంటుంది. (మనం కోయిలమ్మ అంటాం గానీ, అలా కూసేది మగది.) ఆ ట్రాఫిక్ మోతలో చాలామందికి అది చెవిన కూడా పడదు. మీకు పడింది, మీరు ఆగి విన్నారు కూడా. బొమ్మలు వేసే మనిషి మీలో ఎక్కడికీ పోలేదని నాకు అక్కడే అర్థమైంది. ఏడుపంటారా, చాన్నాళ్లకు సొంత మనిషి కనబడితే రాదూ?

కాగితం సంగతి ప్రస్తుతానికి వదిలేయండి. మీ బాల్కనీలోంచి కనబడే చెట్టు ఒక్కటి ఎంచుకోండి. హైదరాబాద్ వీధుల్లో కానుగ చెట్లకు కొదవ లేదు. ఇప్పుడు చూస్తే ఆకులన్నీ రాలి, దుమ్ము పట్టిన ఎండుకాయలు వేలాడుతూ, చచ్చిపోయిందా అన్నట్టుంటుంది. రోజూ ఉదయం కాఫీ తాగేటప్పుడు దాన్నే చూడండి, ఫోన్ లోపల పెట్టేసి. ఒకరోజు కొమ్మ చివర లేత రాగిరంగు మెరుపు కనబడుతుంది. అక్కణ్ణుంచి చూస్తుండగానే చెట్టంతా చిగురేసి, నిగనిగలాడే ఆకుపచ్చలోకి తిరుగుతుంది. ఆ రాగిరంగు చూసిన రోజు పెన్సిల్ తీయండి. చెట్టంతా వద్దు, ఒక్క కొమ్మ చివర చాలు. పది నిమిషాల్లో ఆపేయండి, బాగా వస్తున్నా సరే.

బాగా రాదు లెండి మొదట్లో. మీ టెన్షన్ అంతా అదేనని నా అనుమానం. పాతికేళ్ల వయసులో వేసిన బొమ్మలతో ఇప్పటి చేతిని పోల్చుకుంటున్నారు. కింద మామిడిచెట్టు ఉంటే ఒక పూతకొమ్మ దగ్గరగా పట్టుకుని చూడండి. ఒక్క గుత్తిలోనే వందల కొద్దీ పువ్వులు. వాటిలో నిలిచి కాయయ్యేవి ఒకటో రెండో. ఒక్కో గుత్తికి అదీ ఉండదు. చెట్టు మాత్రం అంత పూతా పూస్తుంది. మీరూ ఈ నెలంతా రాలిపోయే బొమ్మలే వేయండి. వాటిని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. పిల్లలు ‘సూపర్ అమ్మా’ అన్నా ఇబ్బందే, ఏమీ అనకపోయినా ఇబ్బందే.

మీవారి మాట నిజంగా అభ్యంతరమో, ఊరికే నోటి అలవాటో నాకు తెలియదు. వాదన పెట్టుకోకండి. ‘పొద్దున అరగంట నన్ను పిలవకండి’ అని మాత్రం చెప్పండి. హోళీ లోపు వరంగల్ వైపు వెళ్లే పని పడితే ఆయన్నే కారు ఆపమనండి. ఆకు లేకుండా ఎర్రగా మండుతున్న మోదుగ చెట్లు కనబడతాయి. రాలిన పూలు దోసెడు ఏరుకొచ్చి, నీళ్లలో మరిగించి వడకడితే పసుపు, నారింజ కలిసిన రంగు దిగుతుంది. ఊళ్లలో హోళీకి చల్లుకునే రంగే. దాన్నే కుంచెతో కాగితం మీద పూసి చూడండి. ఏరేటప్పుడు ఆయన చేతికీ ఓ సంచీ ఇవ్వండి.

ఇంకొక్క మాట. నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి ఉంటే చెట్లు చూస్తూ కూర్చోకండి, డాక్టర్‌ని కలవండి. మీ వయసులో నెలసరి మార్పులు, థైరాయిడ్, రక్తహీనత కూడా మనసును ఇలాగే కుంగదీస్తాయి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఉచితమే, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అన్నట్టు, నోట్‌బుక్ ఖరీదైంది కొనకండి. పాడుచేయబుద్ధి కాదు.