దీపం దగ్గర పసుపు రెక్కలు

ప్రశ్న: దాళ్వా నాట్లయ్యాక మా వరండా దీపం చుట్టూ నల్లచుక్క ఉన్న పసుపు రెక్కల పురుగులు, వాటితో పాటు వెలిసిన గోధుమరంగువీ వస్తున్నాయి. రెండు జాతులా? చెరకు తోటలోని తెల్లవి వీటి బంధువులేనా? – ఒక పాఠకురాలు, మండపేట

జవాబు: రెండూ ఒకటేనమ్మా, ఆలుమగలు! నేనూ కుర్రతనంలో వేర్వేరు అగ్గిపెట్టెల్లో దాచి, వేర్వేరు పేర్లు రాసుకున్నాను. ఇది వరిని తొలిచే మొగి పురుగు, స్కిర్పోఫాగా ఇన్సెర్టులాస్. ఆడదానికి ఒక్కో ముందు రెక్క మీద ఒక్కో నల్లచుక్క. మగది చిన్నది, మాసిన రంగు.

ఆడదాని పొట్ట చివర కుచ్చు చూడండి. గుడ్లు ఆకు కొన దగ్గర గుంపుగా పెట్టి, ఆ వెంట్రుకలనే రాల్చి కప్పుతుంది. సార్వా నారు కొనలు తుంచి నాటమని మా నాన్న పట్టుబట్టేది అందుకే. తలముందు ముక్కులా పొడుచుకొచ్చినవి నోటి దగ్గరి స్పర్శాంగాలు (పాల్ప్‌లు), మీసాలు కావు. తిండి పీల్చే గొట్టం మాత్రం పనికిరానంత కురచ. తినడమంతా గొంగళిదే: పిలకలో మొవ్వు ఎండుతుంది, ఈనాక తెల్లకంకి వస్తుంది.

చెరకు మొవ్వు తొలిచే తెల్లది, స్కిర్పోఫాగా ఎక్సెర్ప్టాలిస్, ఇదే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, జీనస్). ఆడదాని కుచ్చు నారింజ రంగు. ఈ ప్రజాతికి 1832లో పేరు పెట్టినవాడు కీటక శాస్త్రవేత్త ట్రైట్ష్కె. పాత పుస్తకాల్లో పైరాలిడే కుటుంబమని ఉంటుంది, ఇప్పుడు క్రాంబిడే. ఎక్కడైనా రాయాల్సి వస్తే రెండోదే రాయండి.