స్వెటర్ వేస్తే చెమట, తీస్తే వణుకు... నాకు ఉన్ని పడదా?

ప్రశ్న: నా వయసు 58. బీపీకి చాలాకాలంగా అటెనొలాల్ వాడుతున్నాను. రోజూ తెల్లవారుజామున గంటసేపు వేగంగా నడుస్తాను. చలి మొదలైతే నూలు బనియను మీద మందపాటి ఉన్ని స్వెటర్ వేసుకుని బయలుదేరతాను. పావుగంటకే చెమట పట్టేస్తుంది. స్వెటర్ తీసి భుజాన వేసుకుంటే కాసేపటికే వణుకు. పైగా మెడ చుట్టూ, మోచేతుల కింద దురద పుట్టి చర్మం ఎర్రబడుతుంది. ఇంటికొచ్చి స్వెటర్ తీసేస్తే అరగంటలో తగ్గిపోతుంది. ఉన్ని అలర్జీ అని ఇంట్లో అంటున్నారు. ఉన్ని మానేసి సింథటిక్ జాకెట్ కొనుక్కోమని మా అమ్మాయి సలహా. వచ్చే నెలలో మంచు పడే కొండ ప్రాంతానికి వెళ్లి వారం రోజులు ఉండాల్సి ఉంది. ఈ మధ్య చేతివేళ్లు చల్లబడి మొద్దుబారడం కూడా ఎక్కువైంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరంలో రెండు వివరాలు చాలా ఉపయోగపడ్డాయి. దురద మెడ దగ్గర, మోచేతుల కింద మాత్రమే వస్తోంది. అంటే బనియను అడ్డు లేకుండా స్వెటర్ నేరుగా చర్మాన్ని తాకే చోట్లన్నమాట. ఛాతీ మీద, వీపు మీద రావడం లేదు. రెండోది, స్వెటర్ తీసిన అరగంటకే తగ్గిపోతోంది. అలర్జీ ఇలా ప్రవర్తించదు. చర్మానికి తగిలిన వస్తువు వల్ల వచ్చే అలర్జీ సాధారణంగా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా బయటపడుతుంది. బయటపడ్డాక రోజుల తరబడి ఉంటుంది. నీటి పొక్కులు, రసి కారడం, తాకిన చోటును దాటి పాకడం కూడా ఉండవచ్చు. మీకున్నది అలర్జీ కాదు, గరుకు ఉన్ని గుచ్చుకోవడం వల్ల పుట్టే చిరచిర.

ఉన్ని పోగు కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. మన వెంట్రుకల్లో, గోళ్లలో ఉండేదీ ఇదే రకం ప్రొటీన్. కాబట్టి ఒంటికి అదేమీ కొత్త పదార్థం కాదు. చిక్కంతా పోగు లావుతో వస్తుంది. సన్నని పోగు చివర చర్మానికి తగలగానే వంగిపోతుంది. సుమారు 30 మైక్రాన్లు దాటిన లావు పోగు వంగదు, చర్మంలోని నరాల కొసలను పొడుస్తుంది. (1000 మైక్రాన్లు కలిస్తే ఒక మిల్లీమీటరు.) బట్టలో అలాంటి లావు పోగులు నూటికి అయిదు ఉన్నా చాలామందికి దురద పుడుతుంది. మెరినో జాతి గొర్రెల ఉన్ని పోగు దాదాపు 15 నుంచి 24 మైక్రాన్ల మధ్య ఉంటుంది. అందుకే అది ఒంటిని అంటుకుని ఉన్నా ఎక్కువమందికి ఇబ్బంది కలిగించదు. చెమటతో నానిన చర్మం మరింత సున్నితమవుతుంది కనుక మీకు నడక మధ్యలో దురద ఎక్కువవుతోంది.

అసలైన అలర్జీ కూడా కొద్దిమందికి ఉంటుంది. అయితే తరచుగా అది ఉన్ని పోగుకు సంబంధించింది కాదు. గొర్రె ఉన్నికి అంటి ఉండే లానోలిన్ అనే మైనంలాంటి పదార్థమో, బట్టకు వేసిన రంగో కారణం కావచ్చు. లానోలిన్ ఉతికి శుభ్రం చేసిన ఉన్నిలో నామమాత్రంగానే మిగులుతుంది. మడమల పగుళ్లకు, పెదవులకు రాసుకునే లేపనాల్లోనే ఎక్కువగా ఉంటుంది. అలాంటి లేపనాలు రాసినప్పుడల్లా చర్మం రేగుతుంటే చర్మవ్యాధి నిపుణులు ప్యాచ్ టెస్ట్ చేస్తారు. అనుమానించిన పదార్థాలను వీపు మీద అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూస్తారు. మీ లక్షణాలను బట్టి ప్రస్తుతానికి ఆ పరీక్ష అవసరం కనిపించడం లేదు. చిన్నప్పటి నుంచి ఎగ్జిమా ఉన్నవారి సంగతి వేరు. వారి చర్మం గరుకు ఉన్నిని అసలు ఓర్చుకోదు.

ఇక చెమట, వణుకు. దురద కంటే దీన్ని ముఖ్యంగా పట్టించుకోవాలి.

స్వెటర్ వేడిని పుట్టించదు. వేడి పుట్టించేది మీ కండరాలు. స్వెటర్ చేసే పని, ఆ వేడి బయటికి పోకుండా కదలని గాలిని తన పోగుల మధ్య పట్టి ఉంచడం. ఉన్ని పోగులు సహజంగా వంకీలు తిరిగి ఉంటాయి కాబట్టి ఒకదానికొకటి అంటుకుపోవు, మధ్యలో బోలెడు గాలి నిలుస్తుంది. ఆ గాలి చోటులోకి నీరు చేరితే కథ తిరగబడుతుంది. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. అది చాలదన్నట్టు, చర్మం మీద ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి దాదాపు 580 క్యాలరీల వేడి ఖర్చవుతుంది. (ఇవి భౌతికశాస్త్రంలోని క్యాలరీలు, ఆహారం లెక్కలో అర క్యాలరీకి కాస్త పైన.) ఎండలో ఇది మనకు వరం, చలిలో శాపం. పావుగంట నడిచి ఒళ్లు తడుపుకొని, ఆపైన స్వెటర్ తీసేసి ఆ తడి ఒంటికి చలిగాలి తగిలిస్తున్నారు. వణుకు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

మీ దుస్తుల్లో అసలు దోషి బనియను. నూలు చెమటను ఇష్టంగా పీల్చుకుంటుంది, పీల్చుకుని వదలదు. తడిసిన నూలు బట్ట ఒంటికి అతుక్కుని కూర్చుంటుంది. దాని మీద ఎంత మంచి స్వెటర్ వేసినా లోపల తడిగుడ్డ చుట్టుకున్నట్టే. ఉన్ని తీరు వేరు. పోగు పైపొర నీటిచుక్కలను లోపలికి రానివ్వదు గానీ ఆవిరి రూపంలో ఉన్న తేమను లోపలికి తీసుకుంటుంది. తన బరువులో దాదాపు మూడోవంతు తేమను దాచుకున్నా చేతికి తడిగా తెలియదు. అలా తేమను పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడి కూడా వెలువడుతుంది. వెచ్చని గదిలోంచి మంచులోకి అడుగుపెట్టినప్పుడు ఒళ్లు ఒక్కసారిగా జిల్లుమనకుండా కాసేపు కాపాడేది అదే. ఆ వేడి స్వల్పమే, కాసేపే. దాన్ని నమ్ముకుని గంటలకొద్దీ బయట నిలబడవద్దు.

కాబట్టి ఉన్ని మానవద్దు, వేసుకునే క్రమం మార్చండి. ఒంటికి తగిలేది సన్నని మెరినో ఉన్ని బనియను కావాలి, పొడుగు చేతులది అయితే మోచేతుల కింద దురద కూడా పోతుంది. దాని మీద మీ పాత స్వెటర్ కాకుండా కాస్త పలుచనిది ఒకటి. అన్నిటికన్నా పైన గాలిని ఆపే పలుచని జాకెట్. ఒక్క మందపాటి స్వెటర్ కంటే మూడు పలుచని పొరలు మేలు, ఎందుకంటే పొరల మధ్య కూడా గాలి నిలుస్తుంది. పైగా ఒక్కొక్కటిగా తీసుకోవచ్చు, వేసుకోవచ్చు. 1924లో ఎవరెస్టు మీద కనిపించకుండా పోయిన జార్జ్ మాలరీ శరీరం 1999లో దొరికినప్పుడు ఒంటిమీద పట్టు, నూలు, ఉన్ని పొరలు, వాటిపైన గ్యాబర్డిన్ అనే దట్టమైన నేత బట్ట ఉన్నాయి. పొరలు పొరలుగా వేసుకోవడం నిన్నా మొన్నా పుట్టిన ఫ్యాషన్ కాదు.

నడక మొదలుపెట్టేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. అదే సరైన కొలత. గుమ్మం దగ్గరే హాయిగా ఉంటే పది నిమిషాల్లో చెమట పట్టడం ఖాయం, ఎందుకంటే వేగంగా నడిచేటప్పుడు ఒళ్లు విశ్రాంతిలో కంటే కొన్ని రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. చెమట పట్టాక కాదు, పట్టబోతోందని తెలియగానే జాకెట్ జిప్పు దించండి, టోపీ తీయండి. నడక ఆపగానే, ఒళ్లు ఇంకా వెచ్చగా ఉండగానే, మళ్లీ వేసుకోండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

పైన జాకెట్ ఎందుకంటే, అల్లిన ఉన్నిలోంచి గాలి దూసుకుపోతుంది. అక్కడ ఉన్ని బలహీనం. ఉష్ణోగ్రత 0 డిగ్రీలు ఉన్నా గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తుంటే బయటపడిన చర్మానికి అది సుమారు మైనస్ 6 డిగ్రీల చలితో సమానం. వానలోనూ అంతే, ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుందన్నది నిజమే అయినా పూర్తిగా నానితే బరువెక్కుతుంది, ఆరడానికి చాలాసేపు పడుతుంది.

మీ అమ్మాయి మాటనూ కొట్టిపారేయను. పాలిస్టర్ తేమను దాదాపు పీల్చుకోదు, ఉన్ని కంటే త్వరగా ఆరుతుంది. పరుగెత్తేవారికి, చెమట ధారగా కారేవారికి లోపలి పొరగా అదే నయం కావచ్చు. మెరినో వేసుకున్నా దురద తగ్గని వారికి కూడా అది మంచి దారి. వాసన పట్టకపోవడంలో మాత్రం ఉన్నిదే పైచేయి, రెండు మూడు రోజులు వేసుకున్నా కంపు కొట్టదు. ఇంకో తేడా వైద్యుడిగా నాకు ముఖ్యం: నిప్పు తగిలితే సింథటిక్ బట్ట కరిగి చర్మానికి అతుక్కుని కాలిన గాయాన్ని లోతు చేస్తుంది. ఉన్ని కరగదు, తేలిగ్గా అంటుకోదు కూడా. చలిమంట దగ్గర కూర్చునేటప్పుడు పైనున్న జాకెట్ ఏమిటో చూసుకోండి.

మీ వేళ్ల సంగతికి వస్తాను. అటెనొలాల్ బీటా బ్లాకర్ల తరగతికి చెందిన మందు. చేతులు, కాళ్లు చల్లబడటం ఈ మందుల దుష్ప్రభావాల్లో తరచుగా కనిపించేదే. మీకు ఈ మధ్య ఎక్కువైందంటే మందు ఒక్కటే కారణం కాకపోవచ్చు. థైరాయిడ్ తగ్గడం, రక్తహీనత, మధుమేహంతో నరాలు దెబ్బతినడం కూడా చూడాలి. మామూలు రక్తపరీక్షలతో వీటిలో చాలావరకు తేలిపోతుంది. చలి తగలగానే వేళ్లు మొదట తెల్లగా, తర్వాత నీలంగా మారి, వెచ్చబడేటప్పుడు ఎర్రబడుతుంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. అది రేనాడ్స్ అనే సమస్య కావచ్చు, బీటా బ్లాకర్లు దాన్ని పెంచుతాయి. ప్రయాణానికి ముందే వెళ్లి అడగండి, వేరే మందుకు మార్చడానికి అవకాశం ఉంటుంది. ఒక్క హెచ్చరిక: మాత్రను మీ అంతట మీరు ఆపవద్దు. బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా ఆపితే గుండె వేగం, బీపీ ఎగబాకుతాయి, గుండెనొప్పి కూడా రావచ్చు. చలిలో రక్తనాళాలు ముడుచుకుని బీపీ ఎలాగూ పెరుగుతుంది కాబట్టి ఈ నెల రోజులు ఇంట్లో బీపీ చూసుకుని రాసి పెట్టుకోండి. చలిలో నడిచేటప్పుడు ఛాతీలో బిగపట్టినట్టు ఉంటే, ఆ నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే నడక అక్కడే ఆపి అత్యవసర వైద్యం కోసం వెళ్లాలి.

వేళ్ల కోసం, వేళ్లు విడివిడిగా ఉండే తొడుగుల కంటే నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండేవి వెచ్చగా ఉంటాయి. ఉన్ని మేజోళ్లు ఒక జత చాలు. రెండు జతలు వేసి బూట్లు బిగిస్తే రక్తప్రసరణ తగ్గి పాదాలు ఇంకా చల్లబడతాయి. శరీరంలోని వేడి సగం తల నుంచే పోతుందన్నది పాత అపోహ. పెద్దవారి తల శరీర ఉపరితలంలో పదోవంతుకు మించదు, పోయే వేడీ దాదాపు ఆ వాటాలోనే ఉంటుంది. అయినా టోపీ పెట్టుకోవాలి, ఎందుకంటే చలికి చేతుల్లోని రక్తనాళాలు ముడుచుకున్నట్టు తల మీది చర్మంలో ముడుచుకోవు. ముక్కు, నోటి మీదుగా పలుచగా మఫ్లర్ చుట్టుకుంటే లోపలికి వెళ్లే గాలి కాస్త వెచ్చబడుతుంది. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారికి ఇది మరీ అవసరం.

కొండ ప్రాంతంలో ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని గుర్తుంచుకుని సామాను సర్దుకోండి. చలిలో మూత్రం ఎక్కువగా వస్తుంది, దాహం తక్కువగా వేస్తుంది. లేచి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తగ్గించుకోకండి. మద్యం చర్మంలోని రక్తనాళాలను తెరిచి వెచ్చగా ఉన్న భ్రమ కలిగిస్తుంది గానీ లోపలి వేడిని బయటికి పంపేస్తుంది.

మీతో వచ్చేవారికి ఒక విషయం ముందే చెప్పి ఉంచండి. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే దాన్ని హైపోథర్మియా అంటాం. మొదట గట్టి వణుకు, తర్వాత మాట ముద్దగా రావడం, గుండీ పెట్టుకోలేకపోవడం, తడబడే నడక. వణుకుతున్న మనిషి వెచ్చబడకుండానే వణకడం మానేశాడంటే అది తగ్గుదల కాదు, ప్రమాదం ముదిరిందని అర్థం. కొందరు ఆ స్థితిలో వేడిగా ఉందంటూ బట్టలు విప్పేసుకుంటారు కూడా. వెంటనే గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్టలు తీసి, పొడి ఉన్ని దుప్పట్లు చుట్టాలి. స్పృహ పూర్తిగా ఉండి మింగగలిగితేనే వెచ్చని తీపి పానీయం ఇవ్వాలి. కాళ్లూ చేతులూ రుద్దకూడదు, మనిషిని కుదపకూడదు, ఆస్పత్రికి చేర్చే ఏర్పాటు చేయాలి. చర్మం తెల్లబారి మైనంలా గట్టిపడి స్పర్శ పోతే అది గడ్డకట్టిన గాయం. దాన్ని మంచుతో రుద్దడం, మంట దగ్గర పెట్టడం రెండూ హానికరమే. మళ్లీ గడ్డకట్టే అవకాశం లేని చోటికి చేరాకే 37 నుంచి 39 డిగ్రీల నీటిలో ముంచి వెచ్చబరచాలి.

మీరు అడగలేదు గానీ, పెట్టెలోంచి స్వెటర్లు తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త. కలరా ఉండలు వేసి దాచిన ఉన్ని బట్టలను తీసిన రోజే వేసుకోవద్దు. ఉతికి, వాసన పోయేదాకా ఆరుబయట గాలికి ఆరబెట్టండి. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఆవిరి తలనొప్పి, వికారం తెప్పిస్తుంది. పుట్టుకతోనే జీ6పీడీ ఎంజైము లోపం ఉన్న పసిపిల్లల్లో ఎర్ర రక్తకణాలను పగలగొట్టి తీవ్రమైన కామెర్లకు దారితీయగలదు. అలా దాచిన శాలువాలో పసిబిడ్డను చుట్టవద్దని ఇంట్లో చెప్పండి. ఉతికేటప్పుడు చల్లని నీరు, తేలికపాటి సబ్బు వాడి, పిండకుండా, వేలాడదీయకుండా పరిచి ఆరేయండి. వేడినీటిలో వేసి రుద్దితే పోగుల మీది పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని స్వెటర్ కుంచించుకుపోతుంది.