రిపేరు బల్ల అప్పుడే వదలకు

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. రిపేర్లు విసుగొస్తున్నాయనీ, ఇక సొంత వాచీ తయారీలో దిగుతాననీ రాశావు. నీ చెయ్యి మంచిదని నాకు తెలుసు. అందుకే ఆగమంటున్నాను. ఇంకో రెండేళ్లు రిపేరు బల్ల వదలకు. ఎందుకు ఆగాలో తెలియాలంటే గడియారాల తయారీలో పేరు మోసిన జార్జ్ డేనియల్స్ సంగతి నువ్వు వినాలి.

ఆయన ఇంగ్లండులో 1926లో ఒక నిరుపేద ఇంట్లో పుట్టాడు. చిన్నప్పటి నుంచే గడియారాలు విప్పి బిగించేవాడు. పద్నాలుగేళ్లకే చదువు మానేసి పరుపుల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. సైన్యంలో ఉండగా తోటి సైనికుల వాచీలు బాగుచేశాడు. బయటికొచ్చాక పగలు రిపేర్లు, రాత్రి గడియార విద్య క్లాసులు. తన చేత్తో మొదటి గడియారం చేసి ముగించింది 1969లో, అంటే నలభై దాటాక. అంతకుముందు గడిచిన ఏళ్లన్నీ ఇతరుల గడియారాలు విప్పడంలోనే పోయాయి. పోయాయి అంటున్నాను గానీ, ఆయన విద్యంతా అక్కడే పుట్టింది.

ముఖ్యంగా బ్రెగే గడియారాలు. అబ్రహాం లూయీ బ్రెగే 1747లో స్విట్జర్లాండులో పుట్టి, పారిస్‌లో పేరు తెచ్చుకున్న మహానుభావుడు. జేబులో నిలువుగా ఉండే గడియారంలో భూమ్యాకర్షణ వల్ల బ్యాలెన్స్ (అటూ ఇటూ ఊగుతూ కాలాన్ని కొలిచే చక్రం) నడకలో తేడా వస్తుంది. ఆయన బ్యాలెన్స్‌నూ, స్ప్రింగు బలాన్ని కొంచెం కొంచెంగా వదిలే ఎస్కేప్‌మెంట్‌నూ కలిపి చిన్న పంజరంలో పెట్టి, ఆ పంజరమే గుండ్రంగా తిరిగేలా చేశాడు. ఒకవైపు వచ్చిన తేడా ఇంకోవైపు వచ్చిన తేడాతో చెల్లిపోతుంది. అదే టూర్బియాన్, 1801లో పేటెంటు తీసుకున్నాడు. అలాంటి గడియారంలో ఒక ముక్క విరిగిపోతే బజారులో దొరకదు కదా. చేసినవాడు ఏం ఆలోచించి ఆ కొలత పెట్టాడో కనిపెట్టి మళ్లీ చెయ్యాలి. బ్రెగే పోయి వందేళ్లు దాటినా ఆయన దగ్గర శిష్యరికం చేసినట్టే! డేనియల్స్‌కు అదే జరిగింది. బ్రెగే పనితనం మీద పెద్ద పుస్తకమే రాయగలిగాడు.

ఇప్పుడు నీ బల్ల మీదికి వద్దాం. సర్వీసుకు వచ్చిన లివర్ వాచీని (లివర్ అంటే ఎస్కేప్‌మెంట్ చక్రాన్ని పన్ను పన్నుగా ఆపి వదిలే చిన్న మీట) గబగబా విప్పెయ్యకు. ముందు కాసేపు నడవనివ్వు. బ్యాలెన్స్ ఎంత విశాలంగా ఊగుతోందో చూడు. పడుకోబెట్టినప్పుడు, నిలబెట్టినప్పుడు తేడా ఎంతుందో రాసుకో. వాచీని నడిపే మెయిన్ స్ప్రింగు బిగువు పూర్తిగా దించాకే లివర్ తియ్యి. తీసిన లివర్‌ను లూప్ (కంటికి పెట్టుకునే భూతద్దం) కింద పెట్టి, దానికి బిగించిన రెండు కెంపు రాళ్ల అంచు దగ్గర చూడు. పాత నూనె గోధుమరంగు జిగురులా పేరుకుని ఉంటుంది. వెంటనే కడిగెయ్యకు. అది ఎక్కడ పేరుకుంది, ఎంత మేర పాకింది అని చూడు. గంటకు 18,000 సార్లు కొట్టుకునే వాచీలో రెండు కెంపులూ కలిపి రోజుకు 4,32,000 దెబ్బలు తింటాయి. ప్రతి దెబ్బకూ చక్రం పన్ను కెంపు మీద జారుతుంది. జారాలంటే నూనె కావాలి. నూనె చిక్కబడితే నడక మారుతుంది.

1755 ప్రాంతంలో థామస్ మడ్జ్ లివర్ ఎస్కేప్‌మెంట్ కనిపెట్టిన నాటి నుంచి ఉన్న చిక్కే ఇది. మనమంతా కడిగి కొత్త నూనె వేసి ఇచ్చేస్తాం. డేనియల్స్ మాత్రం అసలు ఆ జారుడే ఎందుకుండాలి అని పట్టుబట్టాడు. 1970లలో కోయాక్సియల్ ఎస్కేప్‌మెంట్ రూపొందించాడు. ఒకే ఇరుసు మీద రెండు చక్రాలు. ఆపే పని వేరే కెంపులకు, తోసే పని వేరే కెంపులకు. పన్ను జారుతూ కాకుండా దాదాపు సూటిగా తోస్తుంది కాబట్టి నూనె మీద ఆధారం బాగా తగ్గింది. 1980లో పేటెంటు వచ్చింది. స్విస్ కంపెనీలు చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. తన ఎస్కేప్‌మెంట్‌ను మామూలు చేతి వాచీల్లో అమర్చి పట్టుకెళ్లి చూపించేవాడు. చివరికి 1999లో ఒమేగా అనే స్విస్ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఈ ఓపిక చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. పాత నూనె కడిగి కడిగి ఉన్నవాడికే ఆ పట్టుదల వస్తుందని నా నమ్మకం.

ఇంకో సంగతి. గడియారానికి 34 రకాల చేతిపనులు కావాలనీ, అందులో 32 డేనియల్స్ ఒక్కడికే వచ్చనీ చెప్పుకుంటారు. కేసు, డయలు, ముళ్లు అన్నీ తనే చేసేవాడు. నువ్వు స్క్రూలకు నీలం రంగు తేవడంతో మొదలుపెట్టు. తల అద్దంలా పాలిష్ చెయ్యి, జిడ్డు లేకుండా తుడువు, ఇత్తడి రజనులో నిలబెట్టి కింద స్పిరిట్ దీపం పెట్టు. లేత పసుపు, గోధుమ, ఊదా, తర్వాత నీలం వస్తుంది. సుమారు 300 డిగ్రీల దగ్గర ఆ నీలం రాగానే తీసెయ్యాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే రంగు వెలిసిపోతుంది, మళ్లీ పాలిష్ దగ్గర్నుంచి మొదలు. ఒక వాచీలోని స్క్రూలన్నీ ఒకే నీలంలో వచ్చేదాకా వదలకు.

ఆయన శిష్యుడు రోజర్ స్మిత్ కూడా తొందరపడ్డవాడే. తన మొదటి జేబు గడియారం చూపిస్తే, చేత్తో చేసినట్టు కనబడుతోందని డేనియల్స్ తిప్పి పంపాడు. చెయ్యి ఆనవాలు కనబడకూడదని ఆయన పట్టు. స్మిత్ ఐదేళ్లకు పైగా కూర్చుని రెండోది చేశాడు. దాన్ని మెచ్చుకున్నాక 1998లో ఐల్ ఆఫ్ మాన్‌లోని తన వర్క్‌షాపుకు పిలిపించుకున్నాడు. ఎవరైనా నీ పని తిప్పికొడితే టెన్షన్ పడకు, లోపం ఎక్కడ కనబడిందో అడిగి తెలుసుకో.

బల్ల ఎత్తు నీ ఛాతీ దాకా ఉండాలి, మోచేతులు దాని మీద ఆనాలి. మెడ వంచి పని చేస్తున్నావని అక్కయ్య చెప్పింది, ఈ వారమే సరిచేయించుకో.

నీ దగ్గరున్న పాత లివర్ గడియారంలో చక్రాల పళ్లు లెక్కపెట్టి, ప్యాలెట్ (లివర్ మీది కెంపుల) కోణాలు కొలిచి, పదింతల సైజులో బొమ్మ గీసి పంపు. కొలత దొరకని చోట ఊహించి గీయకు, ఖాళీగా వదిలెయ్యి. అక్కడ ఎలా కొలవాలో నేను రాస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య