ఇరవై వేల ఇంపోర్టెడ్ గిటారు: కొనొచ్చా, వద్దా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఎలక్ట్రిక్ గిటారు గురించే. మొదటి ఉత్తరం పొడుగు, దాని జవాబు ఇంకా పొడుగు, ఓపిక పట్టండి.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్లుగా అకౌస్టిక్ గిటారు వాయిస్తున్నా, ఇప్పుడు ఎలక్ట్రిక్ కొందామని 25 వేలు పక్కన పెట్టాను. డాలస్‌లో ఉన్న మా అక్క వచ్చే నెల వస్తోంది. అక్కడ స్క్వయర్ సోనిక్ స్ట్రాటోకాస్టర్ 220 డాలర్లకు చూసిందట, తెస్తానంటోంది. చిన్న యాంప్ (యాంప్లిఫయర్, గిటారు శబ్దాన్ని పెంచే పెట్టె) కూడా అక్కడే కొందాం అంటోంది. ఇక్కడ షాపులో యమహా పసిఫికా 012 ఉంది, 21 వేలు చెప్పారు. అదే షాపులో ఎప్పుడూ పేరు వినని గిటారు, యాంప్, బ్యాగు, బెల్టు, కేబుల్ అన్నీ కలిపి 11 వేలకే ఇస్తామని, ‘ఇంపోర్టెడ్ సార్’ అని వెంటపడుతున్నారు. మా ఫ్రెండేమో అమెరికాలో తయారైనదైతేనే కొను, మిగతావన్నీ బొమ్మలు అంటాడు. ఏం చేయమంటారు? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: టెన్షన్ ఎందుకండీ, కొనేది గిటారు, పొలం కాదు, నచ్చకపోతే ఏడాది తర్వాత అమ్ముకోవచ్చు. ముందు మీ ఫ్రెండ్ మాట తేల్చేద్దాం.

మీ అక్క అమెరికా నుంచి తెచ్చే స్క్వయర్ అమెరికాలో చేసింది కాదు. సోనిక్ గిటార్లు ఎక్కువగా ఇండోనేషియాలో తయారవుతాయి. సీరియల్ నంబరు ఐసీఎస్ అనే అక్షరాలతో మొదలైతే ఇండోనేషియా, కోర్-టెక్ ఫ్యాక్టరీ, స్క్వయర్ అని అర్థం, వాటి తర్వాత వచ్చే మొదటి రెండంకెలు సంవత్సరం. మీరు షాపులో చూసిన పసిఫికా 012 కూడా ఇండోనేషియాదే. ఒకటి నేరుగా మనకు వచ్చింది, ఇంకోటి టెక్సస్ చుట్టి వస్తోంది, అంతే తేడా. కాబట్టి ‘ఇంపోర్టెడ్’ అని ఎవరన్నా ఊరిస్తే నవ్వేసి ఊరుకోండి, ఆ కొట్టులో ఉన్న ఎలక్ట్రిక్ గిటార్లలో చాలా మటుకు ఇంపోర్టెడే.

అమెరికాలో చేయనివన్నీ బొమ్మలే అన్న వాదన నలభై ఏళ్ల కిందటే తేలిపోయింది. 1970లలో జపాన్ కంపెనీలు ఫెండర్ అనే అమెరికన్ కంపెనీ మోడళ్లకు కాపీలు ఎంత బాగా చేశాయంటే, చివరికి 1982లో ఫెండరే ఫెండర్ జపాన్ అని పెట్టి మత్సుమొతో ఊళ్లోని ఫుజిజెన్ ఫ్యాక్టరీలో తన గిటార్లు చేయించుకోవాల్సి వచ్చింది. వాటిలో చవక రకానికి తగిలించిన పేరే స్క్వయర్. అంతకుముందు అది మిషిగన్‌లో తీగలు చేసే కంపెనీ పేరు, దాన్ని ఫెండర్ 1965లో కొనేసింది. ఆ రోజుల్లో చవకరకం అనిపించుకున్న ఆ తొలి జపాన్ స్క్వయర్ల కోసం ఇప్పుడు పాత గిటార్లు సేకరించేవాళ్లు ఎగబడుతున్నారు. మీ ఫ్రెండ్‌కి ఈ సంగతి చెప్పి చూడండి.

ఒక తమాషా కూడా చెప్పాలి. సోనిక్‌లో లేత రంగు మేపుల్ చెక్క కాకుండా ముదురు రంగు ఫింగర్‌బోర్డు (నెక్ మీద వేళ్లతో తీగలు నొక్కే పలక) ఉన్నది తీసుకుంటే దాని వివరాల్లో ‘ఇండియన్ లారెల్’ అని ఉంటుంది. వినడానికి గొప్పగా ఉంది కానీ అది మన నల్లమద్ది. 2017లో ఫింగర్‌బోర్డులకు వాడే రోజ్‌వుడ్ జాతుల వ్యాపారానికి అంతర్జాతీయంగా అనుమతి పత్రాలు తప్పనిసరి అయ్యాక కంపెనీలు వేరే కలప వెతుక్కున్నాయి, తయారైపోయిన వాయిద్యాలకు 2019లో సడలింపు వచ్చినా నల్లమద్ది మాత్రం చవక గిటార్లలో ఉండిపోయింది. మనం గుమ్మాలకు వాడుకునే కలప, దాన్ని చూసి మోసం అనుకోవద్దు, గట్టిది, బాగానే ఉంటుంది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. 220 డాలర్ల మీద డాలస్‌లో 8.25 శాతం సేల్స్ టాక్స్ పడుతుంది, అంటే 238 డాలర్లు, రూపాయల్లో 20 వేల పైమాటే. ఇక్కడి ధరలో కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, డీలరు లాభం అన్నీ ఉన్నా పసిఫికా 21 వేలు. ఈ రెండింటి మధ్య తేడాతో ఓ మంచి కేబుల్ వస్తే గొప్ప. ఆ మాత్రానికి చేత్తో పట్టుకొని చూడని గిటారుని సముద్రాలు దాటించడం ఎందుకు? పైగా ఏదైనా తేడా చేస్తే మీ షాపువాడిని వెళ్లి అడగొచ్చు, డాలస్ షాపువాడిని అడగలేరు. కాబట్టి నా మాట: షాపులో పసిఫికా ముందు గట్టిగా పరీక్షించండి. నెగ్గితే అదే కొనండి, అక్కని రెండు మూడు సెట్ల తీగలు, గుప్పెడు పిక్‌లు తెమ్మనండి. నెగ్గకపోతేనే స్క్వయర్. పసిఫికా 012లో బ్రిడ్జి (బాడీ మీద తీగల కొసలు ఆనే భాగం) దగ్గర హంబకర్ అనే రెండు చుట్టల పికప్ (తీగల కదలికని పట్టి యాంప్‌కి పంపే భాగం) ఉండటం ఇంకో లాభం. మామూలు స్ట్రాట్‌లో (అంటే స్ట్రాటోకాస్టర్‌లో) ఉండే సింగిల్ కాయిల్, అంటే ఒకే చుట్ట పికప్‌లు మన ఇళ్లలో ట్యూబ్‌లైట్లు, ఫ్యాన్ రెగ్యులేటర్ల మధ్య గుంయ్‌మంటూనే ఉంటాయి, హంబకర్‌కి ఆ రొద చాలా తక్కువ.

పరీక్ష అంటే షాపులో కూర్చుని మీకు వచ్చిన రెండు పాటలు వాయించడం కాదు. లావు తీగని మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర ఓ చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య చూడండి, విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే నెక్ బాగున్నట్టు, వేలు దూరేంత ఉంటే నెక్ లోపలి ట్రస్ రాడ్ అనే కడ్డీని తిప్పించాలి, అది తిరగకపోతే ఆ గిటారు వద్దు. తర్వాత నెక్ అంచు వెంట అరచెయ్యి జార్చండి. ఫ్రెట్ల కొసలు చేతికి గుచ్చుకుంటే, ఏసీ గదిలోనో ఎండల్లోనో చెక్క ఆరి కుంచించుకుపోయి లోహం బయటికి వచ్చిందన్నమాట. అరగదీయించుకోవచ్చు గానీ ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. ఆరు తీగల్నీ ప్రతి ఫ్రెట్ మీదా ఒక్కొక్కటిగా మీటండి, షాపువాడు విసుక్కున్నా సరే, ఎక్కడైనా జుయ్‌మని కొట్టుకుంటోందా వినండి. రెండో తీగని పన్నెండో ఫ్రెట్ పైన గట్టిగా లాగండి, స్వరం మధ్యలో చచ్చిపోకూడదు. ఆఖర్న యాంప్‌కి పెట్టి, పికప్‌లు మార్చే స్విచ్ అయిదు స్థానాల్లోనూ, నాబ్‌లు అటూ ఇటూ తిప్పి, జాక్ దగ్గర కేబుల్ కదిపి చూడండి. రంగు, నున్నదనం చివరి సంగతి.

శ్రుతి నిలబడటం లేదని మాత్రం వెంటనే పక్కన పెట్టేయకండి. ఈ ధరలో అందరూ ట్యూనింగ్ కీలని తిడతారు కానీ చాలాసార్లు దోషం నట్‌ది, అంటే కీలుండే తల భాగం (హెడ్‌స్టాక్) మొదట్లో తీగలు కూర్చునే ఆ గాడుల పట్టీది. గాడి బిగుతుగా ఉంటే తీగ లాగినప్పుడు ఇరుక్కుపోయి వెనక్కి రాదు. గాడిలో పెన్సిల్ పొడి రాస్తే సగం జబ్బు నయమవుతుంది.

ఆ 11 వేల కాంబో గురించి నా సొంత గోడు చెబుతాను. నా మొదటి ఎలక్ట్రిక్ అలాంటిదే, ఏ షాపు అన్నది అనవసరం. ఎఫ్ కార్డ్ పట్టాలంటే చెయ్యి పీకేది, తీరా పట్టినా అపశ్రుతి పలికేది, ఆరు నెలల పాటు తప్పు నా వేళ్లదే అనుకుని ఏడుపొక్కటే తక్కువ. చివరికి రిపేర్లు చేసే ఒక పెద్దాయన చూసి, నట్ గాడులు లోతు లేవురా అబ్బాయ్ అని ఆకురాయితో పావుగంటలో దించిచ్చాడు. గాడి పైకి ఉంటే మొదటి ఫ్రెట్ల దగ్గర తీగని ఎక్కువ దూరం నొక్కాలి, స్వరం పైకి పోతుంది, నేర్చుకునేవాడికి ఆ సంగతి తెలియదు. నట్ బాగైంది కానీ యాంప్ ఏడాదికి పోయింది, స్విచ్ అంతకు ముందే. 11 వేలు అయిదు వస్తువులకు పంచితే గిటారు వంతుకి ఎంత మిగులుతుందో మీరే వేసుకోండి. ఏ దేశంలోనైనా మంచివి తయారవుతాయి, గొడవ దేశంతో కాదు, ఆ ధరతో.

గిటారు 21 వేలు పోగా మిగిలే నాలుగు వేలని యాంప్ మీద పెట్టేయకండి. ముందు మంచి చేత్తో సెటప్ (నెక్, తీగల ఎత్తు, శ్రుతి సరిచేయడం) చేయించండి, కొత్త గిటారుకి సెటప్ ఎందుకు అనొద్దు, ఫ్యాక్టరీ నుంచి మీ ఊరికి వచ్చేలోపు అది ఎన్ని వాతావరణాలు చూసిందో. మిగిలిన డబ్బులకు గిటారుకే గుచ్చి ఇయర్‌ఫోన్ పెట్టుకునే చిన్న హెడ్‌ఫోన్ యాంప్ సరిపోతుంది, ఇంట్లోవాళ్ల నిద్రకీ మంచిది.

అక్కతో యాంప్ మాత్రం తెప్పించకండి. అక్కడ కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. ఇక్కడి ప్లగ్గులో అలాగే పెడితే పొగ వస్తుంది, పెట్టాలంటే ఇటుకంత ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి. గిటారుకి ఆ బాధ లేదు, దానికి అసలు కరెంటే అక్కర్లేదు. ఒకవేళ స్క్వయరే తెప్పించాల్సి వస్తే, నెక్ నాలుగు స్క్రూలతో బిగించి ఉంటుంది, తీగలు వదులు చేసి, ఆ నాలుగూ విప్పితే గిటారు రెండు ముక్కలై పెద్ద సూట్‌కేసులో చీరల మధ్య పడుకుంటుంది. అక్కకి నచ్చచెప్పడం మీ పని.

ప్రశ్న: మా బాబు పదో తరగతి. ఎలక్ట్రిక్ గిటారు కావాలని ఒకటే గొడవ. సంగీతం మాస్టారు ముందు అకౌస్టిక్ మీద రెండేళ్లు నేర్చుకోవాలి అంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: అలాంటి రూలేమీ లేదమ్మా. ఎలక్ట్రిక్ తీగలు సన్నవి, ఫింగర్‌బోర్డుకి దగ్గరగా ఉంటాయి, లేత వేళ్లకి నిజానికి అదే సుఖం. బాబు వాయించాలనుకునేది ఎలక్ట్రిక్ అయితే రెండేళ్లు వేరే దాని మీద కూర్చోబెడితే మధ్యలోనే మానేస్తాడు. మాస్టారితో గొడవ పడకండి, ఆయన దగ్గరికి ఎలక్ట్రికే పట్టుకెళ్తే నేర్పుతారేమో మర్యాదగా అడగండి. పదో తరగతి పరీక్షలయ్యాక కొనిస్తానని చెప్పడం మాత్రం మీ చేతిలో ఉన్న ఆయుధం, వదులుకోకండి. ఇంకో మాట, యాంప్ పెట్టే గదిలో మూడు పిన్నుల సాకెట్‌కి ఎర్తింగ్ ఉందో లేదో ముందే ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. గిటారు తీగలు యాంప్ ఎర్త్‌కే కలిసి ఉంటాయి, ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోతే మైకు పట్టుకున్నప్పుడు షాక్ కొట్టే ప్రమాదం ఉంది. ఇది గిటారు ధర కన్నా ముఖ్యం.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొత్త గిబ్సన్ లెస్ పాల్ 18 వేలకు పెట్టారు. ఫోటోలు చూస్తే అచ్చం ఒరిజినల్ లాగే ఉంది. కొనేయనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దు. గిబ్సన్ లెస్ పాల్‌లు అమెరికాలో చేస్తారు, కొత్తది ఆ ధరకు రాదు. హెడ్‌స్టాక్ మీద గంట ఆకారపు మూత చూడండి, అసలు దానికి రెండు స్క్రూలు ఉంటాయి, నకిలీలకు చాలాసార్లు మూడు. నెక్‌ని స్క్రూలతో బిగించి ఉంటే ఇక చూడక్కర్లేదు, అసలుది జిగురుతో అతికిస్తారు. లెస్ పాల్ ఆకారమే కావాలంటే గిబ్సన్ వాళ్లదే ఎపిఫోన్ ఉంది, దాని చవక మోడల్ ఏదైనా కొనుక్కోండి. దొంగ పేరున్న గిటారు రేపు అమ్ముకుందామన్నా మీరే దొంగవుతారు.

ప్రశ్న: నేను పదేళ్లు వీణ నేర్చుకున్నాను. ఎలక్ట్రిక్ గిటారు మీద గమకాలు పలుకుతాయా? చవకది కొంటే చాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పలుకుతాయమ్మా. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి చూపించారు కదా, అదీ మామూలు మాండలిన్‌లోని జంట తీగలు తీసేసి, విడి తీగలు అయిదు పెట్టుకుని. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో ఆయన తొలి కచేరీ చేసినప్పుడు పదేళ్లు కూడా నిండలేదు. గిటార్ ప్రసన్న గారు ఎలక్ట్రిక్ గిటారు మీదే కర్ణాటక కచేరీలు చేస్తున్నారు.

మీరు వీణ మీద తీగని మెట్టు మీదే పక్కకు లాగినట్టు ఇక్కడా లాగాలి, కాకపోతే వీణకు ఉన్నంత లాగుడు ఇక్కడ ఉండదు, మిగతాది ఫ్రెట్ల మీద జారి పూరించుకోవాలి. తీగలు 9 గేజ్ (సన్నని రకం) పెట్టించుకోండి, అంతకన్నా లావైతే చూపుడువేలు మూడు రోజుల్లో మొరాయిస్తుంది. చవక గిటారు చాలు, కానీ పై కాకినాడ తమ్ముడికి చెప్పిన పరీక్షల్లో తీగ లాగే పరీక్ష మీరు పన్నెండో ఫ్రెట్‌తో ఆపకుండా చివరిదాకా అన్ని తీగల మీదా చేయాలి, మీకు అదే ప్రాణం.

ఇంకొకటి షాపుల్లో ఎవరూ చెప్పరు. ఈ ధరలో వచ్చే స్ట్రాట్ తరహా గిటార్లకు ఊగే బ్రిడ్జి ఉంటుంది, వెనక స్ప్రింగులు దాన్ని పట్టి ఉంచుతాయి. అది గాల్లో తేలేలా పెట్టి ఉంటే మీరు ఒక తీగని లాగగానే బ్రిడ్జి ముందుకు వంగి మిగతా తీగలన్నీ శ్రుతి దిగిపోతాయి, పక్క తీగని వీణ తాళపు తీగలా మీటుతూ గమకం పలికిద్దామంటే కుదరదు. అందుకని సెటప్ చేసేవాళ్లతో వెనక స్ప్రింగులు బిగించి బ్రిడ్జిని బాడీకి పూర్తిగా ఆనించేయమని చెప్పండి, ఊపే కడ్డీని తీసి డ్రాయర్లో పడేయండి.