నూటపదహార్ల లెక్క

అమ్మాయీ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. అవ్వాతాతల యాభయ్యేళ్ల పెళ్లిరోజు, ఫంక్షన్ హాలు నిండా చుట్టాలు, స్టేజీ మీద కేకు, చివర్లో అందరూ కౌగిలించుకుని కళ్లు తుడుచుకోవడం. వాక్యం బాగా నడుస్తోంది. ఆ కౌగిలింతల దగ్గరే నాకు నమ్మకం పోయింది. మన కర్నూలు వైపు పదిహేనేళ్ల తర్వాత కనబడిన మేనత్త కౌగిలించుకోదు. "ఏమే, ఇంత చిక్కిపోయినావు, అన్నం తింటాండావా లేదా?" అని తిడుతుంది. ఆ వెంటనే జీతమెంతో అడుగుతుంది. ఆ తిట్టు రాయి, చాలు.

నా దగ్గర సూత్రాలేం లేవు. ఈమధ్య మా ఇంట్లో జరిగింది చెబుతాను, పనికొస్తే తీసుకో.

మా అక్క పెళ్లి 1975 మేలో, ఆదోనిలో మా ఇంటి ముందు పందిట్లో జరిగింది. నాకప్పుడు పద్నాలుగేళ్లు. దస్తూరి బాగుంటుందని చదివింపులు రాసే పని నాకు అప్పజెప్పారు. ఓ మూల చాప, ముందర ట్రంకుపెట్టె, ఒళ్లో నూరు పేజీల నోటుబుక్కు. మా మేనమామ డబ్బు తీసుకుని పేరూ మొత్తమూ గట్టిగా చదివేవాడు, మేళం మోతలో విన్నంత వరకు నేను రాసేవాణ్ణి. నా తొలి రచన అదేననుకో, తప్పులతో సహా.

అక్క కాపురం కర్నూలు పాతబస్తీలో. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డప్పుడు వాళ్ల బీరువా మునిగింది. పెళ్లి ఆల్బం బురదలో ముద్దయింది, ఒక్క ఫొటో కూడా విడిపడి రాలేదు. మిగిలింది ఆదోనిలో అటక మీదున్న నా నోటుబుక్కే. ఆడపిల్ల తరఫు లెక్క కదా, మా ఇంట్లోనే ఉండిపోయింది. 2025లో పిల్లలు యాభయ్యేళ్ల పండగ చేస్తామంటే, శాలువా మాట మానేసి ఆ పుస్తకం పట్టుకుపోయాను.

ఆ పండగకు అక్క అరవై ఎనిమిదేళ్ల వయసులో బస్సెక్కి పత్తికొండ దాకా పోయి, బొట్టు పెట్టి చిన్నాయనను పిలిచొచ్చింది. (వాట్సాప్‌లో కార్డు పంపితే మనవాళ్లు దండం బొమ్మ పెడతారు, రారు.) ఈ చిన్నాయన మా నాయనకు పినతండ్రి కొడుకు. 1976 నుంచి మా గడప తొక్కలేదు. ఎందుకో మాకెవరికీ తెలీదు. గట్టు తగాదా అని కొందరు, మాటా మాటా వచ్చిందని కొందరు అనేవాళ్లు.

ఓళిగలూ నెయ్యీ అయ్యాక పెద్దవాళ్లంతా ఏసీ కింద కుర్చీలు లాక్కుని గుండ్రంగా కూర్చున్నారు. నేను పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టాను.

"గోనెగండ్ల పెద్దమ్మ, రెండు రూపాయలు, ఇత్తడి చెంబు."

"ఆయమ్మ చెంబు వరదకు కూడా పోలేదురా" అంది అక్క.

"ఎమ్మిగనూరు మామ, నేత దుప్పటి." ఆ మామ ఇప్పుడు లేడు. ఆయన మనవడు ఫోనులో వీడియో తీస్తున్నాడు. తాత పేరు వినబడగానే ఫోను దించేశాడు.

"పత్తికొండ చిన్నాయన, పదహారు రూపాయలు."

"నూటపదహార్లురా అబ్బీ" అన్నాడాయన. గొంతు పెంచలేదు. "చెనిక్కాయలు అమ్మిన దుడ్డు. మీ మామ చేతికే ఇచ్చినా."

పుస్తకంలోకి చూశాను. 16. ముందున్న ఒకటి లేదు. నా గుండ్రటి దస్తూరిలో ఎంత అందంగా ఉందో ఆ తప్పు! మరుసటేడు చిన్నాయన కొత్తింట్లో చేరితే, మా నాయన ఆనవాయితీ ప్రకారం ఈ పుస్తకమే తిరగేసి, పెట్టినదానికి ఇంకో తొమ్మిది కలిపి పాతిక రూపాయలు చదివించి వచ్చాడు. మర్యాద చేశానని మురుసుకున్నాడు కూడా, పాపం. నూటపదహార్లు పెట్టినాయన చేతిలో పాతిక, అదీ అందరి ముందరా పేరు చదివి.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను క్షమాపణ చెప్పలేదు. చుట్టాల మధ్య ఆ మాట మనకు నోటికి రాదు. "చిన్నాయనా, కాఫీ తాగుతావా?" అన్నాను. "చక్కెర ఎయ్యకుండా తీసకరా" అన్నాడు. లోటా అందుకున్న చెయ్యి వణుకుతోంది, కొంచెం కాఫీ పంచె మీద ఒలికింది. అక్క తన కొత్త పట్టుచీర కొంగుతో తుడిచింది. ఆ చీర పిల్లలు ధర్మవరం నుంచి తెప్పించింది. అది చూసి కోడలి మొహం ఎలా మారిందో కూడా గమనించాను, మనకు ఇలాంటివే కావాలి.

జేబులోంచి పెన్ను తీసి ఆ ఒకటి వేయబోయాను. అక్క పుస్తకం లాక్కుంది. "ఉండనీ, దాన్ని ముట్టుకోవద్దు" అంది.

ఇక నీ కథ. మూడో పేజీలో ఒకాయనున్నాడు. "ప్రొద్దుటూరు మామయ్య తినకుండానే వెళ్లిపోయాడు" అని ఒక్క వాక్యంలో పంపించేసి, నువ్వు మళ్లీ ఎల్ఈడీ స్క్రీన్ దగ్గరికి పరిగెత్తావు. ప్రొద్దుటూరు నుంచి అంత దూరం వచ్చిన మనిషి విస్తరి ముందు కూర్చోకుండా ఎందుకు పోయాడు? మీ అవ్వకు తెలిసే ఉంటుంది. నేరుగా అడగకు, చెప్పదు. చిక్కుడుకాయలు గిల్లుతున్నప్పుడు పక్కన కూర్చుని నువ్వూ నాలుగు గిల్లు. చుట్టాలు ఇరవై రెండు మంది ఎక్కువ, ఐదుగురు సరిపోతారు. కేకు తీసేయి.

దసరా లోపల మళ్లీ పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా టైపు చెయ్యి, కళ్లజోడు మార్చాల్సి వచ్చేట్టుంది.

ఆశీస్సులతో,
మీ మాష్టారు
ఆదోని