క్యాన్సర్ కణాల సంకేతాల మీద పరిశోధన అంటే అసలు ఏం చేస్తారు?

అమలాపురంలో బి.ఎస్సీ. బయోటెక్నాలజీ చివరి సంవత్సరం చదువుతున్న మీ అమ్మాయి క్యాన్సర్ కణాల సంకేతాల మీద పరిశోధన చేస్తానంటోందనీ, అందులో ఏం చేస్తారో, ఎప్పటికైనా మందు కనిపెడతారో లేదో తెలిసినవారు చెప్పాలనీ అడిగారు. నాది రాజోలు దగ్గర పల్లెటూరు. పద్నాలుగేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను కనుక చెబుతున్నాను.

ముందు మందు మాట. కణం పెరగాలా వద్దా అన్న కబురు పైపొర నుంచి కేంద్రకం దాకా కొన్ని ప్రొటీన్ల చేతులు మారుతూ చేరుతుంది. ఆ దారిలో రాస్ అనే ప్రొటీన్ మన కాలువ తూముకుండే తలుపు వంటిది: జీటీపీ అనే చిన్న అణువును పట్టుకున్నంతసేపు తెరుచుకుని ఉంటుంది, దాన్ని జీడీపీ అనే మరో అణువుగా విడగొట్టగానే మూసుకుంటుంది. అందులో పన్నెండో స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, విడగొట్టే పని కుంటుపడి తలుపు తెరిచినది తెరిచినట్టే ఉండిపోతుంది, చేను మునుగుతుంది. మనుషుల క్యాన్సర్‌లో ఈ మార్పును 1982లోనే గుర్తించారు. దాని ఒక రూపాన్ని నేరుగా అడ్డుకునే మొదటి మందు సోటోరాసిబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2021లో. మధ్యలో 39 ఏళ్ళు, అంటే ఒక మనిషి ఉద్యోగకాలం మొత్తం. మందును తన చేతులతో కనిపెట్టడమే లక్ష్యమని మీ అమ్మాయి అనుకుంటుంటే, ఈ సంగతి ఇప్పుడే చెప్పండి.

తూము మూసినంత మాత్రాన నీరు ఆగుతుందన్న నమ్మకమూ లేదు. అదే దారిలో రాస్‌కు దిగువనున్న బీఆర్ఏఎఫ్ ప్రొటీన్‌లోని ఒక మార్పును లక్ష్యంగా చేసుకున్న వెమురాఫెనిబ్ అనే మందు, మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో చక్కగా పనిచేసింది గాని, అదే మార్పు ఉన్న పెద్దపేగు క్యాన్సర్‌లో ఒంటరిగా ఇస్తే అంతగా పనిచేయలేదు. ఇంకా దిగువనున్న ఈఆర్‌కే అనే ప్రొటీన్ మామూలుగా ఎగువన, కణం పైపొర మీద కబురు అందుకునే ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్‌ను అదిమి ఉంచుతుంది. దిగువ ఆపగానే ఆ అదుపు పోయి ఈజీఎఫ్ఆర్ మళ్ళీ లేస్తుంది. లాకు దించితే ఎగువన గట్టు ఏ చోట తెగుతుందో చూసుకోవలసి వచ్చినట్టే. నా పనంతా ఈ ఎగదన్నే నీటి గురించే.

ఇక రోజువారీ పని, చెప్పాలంటే, కబురు చేతులు మారేటప్పుడు ప్రొటీన్లకు అంటుకునే ఫాస్ఫేట్లను పట్టుకోవడం. కణాలను రాత్రంతా సీరం (రక్తం నుంచి తీసే, కణాలను పెంచే ద్రవం) లేకుండా ఉంచి, ఉదయం ఈజీఎఫ్ఆర్‌కు పెరగమని కబురు అందించే ఈజీఎఫ్ కలిపి, రెండు, ఐదు, పది, ముప్పై నిమిషాలకు ఒక్కొక్క ప్లేటును ఐసు మీదికి తీసి కణాలను కరిగిస్తాము. ఆ ప్రొటీన్లను వేరుచేసి చూస్తే, ఐదు నిమిషాల ప్లేటులో ఫాస్ఫేట్ అంటుకున్న ఈఆర్‌కేను చూపే గీత చిక్కగా పడుతుంది, ముప్పై నిమిషాలదానిలో వెలిసిపోతుంది. చల్లదనం తగ్గినా, ఫాస్ఫేట్లను ఊడగొట్టే ఎంజైములను ఆపే మందు కలపడం మరిచినా, ఆ గీత మన చేతిలోనే చెరిగిపోతుంది. వశిష్ఠకు అవతల భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, తోటి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఆయన కొలిచినదాని వెంటే నేనూ పడుతున్నానని అప్పుడప్పుడు, కాస్త గర్వంగానే, అనుకుంటాను.

పీహెచ్‌డీ రెండో ఏట నా కణాలకు మైకోప్లాస్మా పట్టింది. అది కణకవచం లేని బ్యాక్టీరియా గనుక పెన్సిలిన్‌కు లొంగదు, మామూలు సూక్ష్మదర్శినిలో కనబడదు, కణాలు పెరిగే ద్రవం మబ్బుగానూ మారదు. కణాలు కొద్దిగా నెమ్మదిస్తాయి, అంతే. పరీక్ష చేయించకుండా బద్ధకించింది నేనే. ఎనిమిది నెలల ఫలితాలు పారేసి మొదటి నుంచి చేశాను. ఇప్పుడు నెలనెలా పరీక్ష తప్పను.

డబ్బు విషయం: ఎమ్మెస్సీ తరువాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థి వేతనం) వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. పీహెచ్‌డీకి ఐదారేళ్ళు పడుతుంది. ఆ పైన పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తరువాత తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. స్థిరమైన అధ్యాపక ఉద్యోగాలు తక్కువ. నాతో చదివినవారిలో సగం మంది మందుల కంపెనీలలో బాగానే ఉన్నారు.

మరొకటి కూడా తెలిసి ఉండాలి. నేను వైద్యుణ్ణి కానని ఎంత చెప్పినా, ఊరు వెళ్తే రిపోర్టులు తెస్తారు. పోయిన సంక్రాంతికి మా వీధిలో ఒక పిన్ని, బాబాయి ఊపిరితిత్తుల బయాప్సీ కాగితాలను పాలిథీన్ కవరులో చుట్టి తెచ్చారు. అందులో ‘ఈజీఎఫ్ఆర్ ఎక్సాన్ 19 డిలీషన్’ అని, అంటే ఈజీఎఫ్ఆర్ జన్యువులో ఒక చిన్న ముక్క ఊడిపోయిందని ఉంది. “బిళ్ళతో అదుపు చేయగలిగే రకాలలో ఇది ఒకటి పిన్నీ, డాక్టరు గారిని ఆ బిళ్ళ గురించి తప్పక అడగండి” అన్నాను. ఆ మార్పు ఉన్నవారికి అటువంటి బిళ్ళలు బాగా పనిచేస్తాయని 2004లో తేల్చినవారు ఎలుగెత్తి చెప్పింది ఆ ఒక్క ముక్కే. ఆవిడ ఆ మాటను తెలుగులో రాయించుకుని, కాగితం మడిచి, మళ్ళీ కవరులోనే పెట్టుకుని వెళ్ళారు.