మేస్త్రీ, ఇస్త్రీ, రెండు కాజాలు

సందేహం: ఇల్లు కట్టే మేస్త్రీ, బట్టలకు చేసే ఇస్త్రీ: రెండింటి చివరా ‘స్త్రీ’ వినిపిస్తోంది. రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయా? బుస్సీ సేనలు కోట మీదికి వచ్చినప్పుడు ఫ్రెంచివారు వదిలి వెళ్లిన మాటలివని మా పెద్దలు అంటారు. బొత్తాం పట్టే కాజా, తినే కాజా కూడా ఒకటేనా? – ఒక పాఠకుడు, బొబ్బిలి

సమాధానం: స్త్రీకి ఈ రెండింటితోనూ సంబంధం లేదు. వాటిలో వాటికి కూడా చుట్టరికం లేదు.

మేస్త్రీకి మూలం పోర్చుగీసు ‘మెస్త్రె’. పనిలో ఆరితేరినవాడు, పని నేర్పేవాడు అని అర్థం. దాని వెనుక లాటిన్ ‘మగిస్తెర్’ ఉంది. ఇంగ్లీషు మాస్టరుకూ అదే మూలం కనుక తాపీ మేస్త్రీ, బడిలో మేష్టారు వరసకు అన్నదమ్ములు. ఇస్త్రీ మాత్రం ఆ పోర్చుగీసులోనే ‘ఎస్తిరార్’ అనే క్రియ నుంచి వచ్చింది. సాగదీయడం దాని అర్థం. అంటే పొందూరు పంచె ముడతలు విప్పడమే ఆ మాటలో ఉంది గానీ నిప్పూ లేదు, పెట్టే లేదు. ‘ఇస్కూలు’లో లాగా ఇక్కడి ఇకారం కూడా మనం తగిలించిందే అనుకునేవారున్నారు. కాదు, అది ఎస్తిరార్‌లోని తొలి అచ్చే.

ఇక బుస్సీ సంగతి. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతికి వచ్చాయి, 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. అంతవరకూ మీ పెద్దల మాట సబబే. వారి వాదానికి అడ్డుపడేది సకారం. ఇలాంటి మాటల్లో తకారానికి ముందున్న సకారాన్ని పలకడం ఫ్రెంచివారు అప్పటికి కొన్ని వందల ఏళ్ల క్రితమే మానేశారు. మెస్త్రెకు సాటి మాట వారి నోట ‘మెత్ర్’, ఎస్తిరార్‌కు సాటిది ‘ఎతిరే’. బుస్సీ సిపాయిల దగ్గర నేర్చుకుని ఉంటే ఈరోజు మన ఇళ్లు ‘మేత్రులు’ కట్టేవారు!

అలాగని పోర్చుగీసువాడు బొబ్బిలి దాకా నడిచి రానక్కరలేదు. 1498లో కాలికట్ చేరి, 1510లో గోవా పట్టిన తరువాత వారి భాష రేవుల్లో బేరసారాల భాష అయింది. ఇతర ఐరోపా వర్తకులు కూడా దానితోనే పని గడుపుకున్నారు. పనివాళ్ల వెంట మాటలూ ఊళ్లు తిరిగాయి. హిందీలో మిస్త్రీ, తమిళంలో మేస్త్రి ఉన్నది అందుకే.

కాజాలు మాత్రం అచ్చంగా రెండు. తినే కాజాకు మూలం సంస్కృత ‘ఖాద్య’, ప్రాకృతంలో ‘ఖజ్జ’. చొక్కా కాజా పోర్చుగీసు ‘కాజ’. ఆ మాటకు ఇల్లు అని అర్థం. బొత్తాం దూరే రంధ్రాన్ని కూడా వారు అలాగే అంటారు. ఆ ఇంట్లో చేరే బొత్తాము కూడా పోర్చుగీసు నుంచి వచ్చినదే. ఫ్రెంచిలో ఈ రంధ్రానికి పేరు ‘బుతొన్యేర్’, కాబట్టి ఇక్కడా బుస్సీకి వాటా లేదు.

మిఠాయిని ‘ఖాజా’ అని వత్తుతో రాసేవారిని తప్పుపట్టను, మూలంలో ఆ వత్తు ఉంది. దర్జీ కుట్టేదానికి మాత్రం వత్తు పెట్టకండి.